మా అమ్మకి నేను చేసిన పళ్ళు

నా చిన్నప్పుడు మా అమ్మకి పైవరసలో ఒక్క పన్ను కూడా ఉండేది కాదు. అప్పటికి ఆవిడకి నలభై ఏళ్ళు కూడా నిండలేదు. చిగుళ్ళ జబ్బు వచ్చి పళ్ళు కదిలిపోతుంటే ఒక్కొక్కటే పీకించుకుంటూ వచ్చింది. పీకించుకున్న రోజున కూడా డ్యూటీ మానేది కాదు. నవ్వొచ్చినా, కోపమొచ్చినా, చర్చిలో పాట పాడుతున్నా చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అడ్డం లేకుండా అమ్మ మొహం ఎలా ఉంటుందో కన్నకూతురిని, నాకే సరిగ్గా గుర్తుండేది కాదు.

నా చిన్నప్పుడు అంటున్నానని నవ్వుకోకండి. ఢిల్లీలో మెట్రో రైలు కొత్తగా తిరగడం మొదలైన రోజుల సంగతి ఇది. మా కట్టుడు పళ్ళ ల్యాబ్‌కి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు అప్పటికి పుట్టను కూడా లేదు. వాళ్ళ లెక్కలో నేను ముసలమ్మనే.

మేము ఢిల్లీని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్‌లో ఒక నర్సింగ్ హోమ్ వెనక సందులో ఒంటిగదిలో ఉండేవాళ్ళం. అమ్మది రేపల్లె దగ్గర పల్లె. ఆ వైపు నుంచి ఢిల్లీ వచ్చే మా వాళ్ళు నర్సులుగా వస్తారు, లేకపోతే ఆ నర్సుల మాట సాయంతో ఆయాలుగా వస్తారు. అమ్మ రెండో రకం. నాన్న నేను చిన్న తరగతుల్లో ఉండగానే జ్వరంతో పోయాడు. ఇక అమ్మకి మిగిలిన ఆశ ఒక్కటే, నేను నర్సునవ్వాలి. మా సంఘంలో ఆడపిల్లకి నర్సింగ్ కాకుండా మరో దారి ఉంటుందని ఎవరికీ తోచేది కాదు. ఆ మాటకొస్తే నాకూ తోచలేదు. కానీ ఒకసారి అమ్మకి అన్నం తీసుకెళ్ళి, వార్డులో ఎవరికో కట్టు మారుస్తుంటే చూసి, అన్నం గిన్నెతో సహా కిందపడిపోయాను. నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. పదో తరగతి కూడా తప్పాక ఆ ఆశ పూర్తిగా చచ్చిపోయింది.

ఆ ఏడాదే అమ్మ నడుం పడిపోయింది. పేషెంట్లని ఎత్తి, దించి, పక్కలు మార్చి చివరికి ఒకరోజు వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. కొన్నాళ్ళు చూసి నర్సింగ్ హోమ్ వాళ్ళు ఇంకొకావిడని పెట్టుకున్నారు. ఎవరైనా ఎలా ఉందని అడిగితే అమ్మ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "నాకేందమ్మా, బాగానే ఉన్నా." చిన్నప్పటి నుంచీ ఆ మాట విని విని, అమ్మ నిజంగానే బాగుందనుకునేదాన్ని.

బియ్యం డబ్బా అడుగు కనిపిస్తున్న రోజుల్లో చర్చికి వచ్చే ఒక ఆంటీ కబురు తెచ్చింది. ఢిల్లీలో వసంత్ కుంజ్ అనే కాలనీలో ఒక ఆఫీసరు గారింట్లో తెలుగు తెలిసిన ఆడపిల్ల కావాలట. వంట, ఇల్లు, ఇద్దరు చంటిపిల్లలు. రాత్రీ పగలూ అక్కడే ఉండాలి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. కానీ మా సందులో నాకంటే కాస్త పెద్దది, అలాగే ఒక ఇంట్లో చేరిన అమ్మాయి ఉండేది. ఏడాదికోసారి వచ్చేది. వచ్చినప్పుడు కూడా మాతో ఆడకుండా, ఎవరో పిలుస్తారన్నట్టు గుమ్మం వైపే చూస్తూ కూర్చునేది. నేను వసంత్ కుంజ్ అన్న మాట విన్నప్పుడల్లా ఆ పిల్ల కూర్చునే తీరే కళ్ళముందుకొచ్చేది.

అమ్మ పంపనని అనలేదు. పంపుతాననీ అనలేదు. ఒక నెల గడువు అడిగింది. ఎందుకంటే మా చర్చి హాల్లో శనివారం క్లాసులు నడుస్తున్నాయి.

ఆ క్లాసులు మా పాస్టరమ్మగారు మొదలుపెట్టారు. బడి మానేసినవాళ్ళు, తప్పినవాళ్ళు, మా తెలుగు పిల్లలే కాదు, చుట్టుపక్కల బస్తీల్లోని హిందీ పిల్లలు కూడా వచ్చేవాళ్ళు. వారానికొకరు పని తెలిసినవాళ్ళొచ్చి వాళ్ళ పనేమిటో చూపించేవారు. ఏసీలు బాగుచేసే భయ్యా వచ్చాడు, బేకరీ అంకుల్ వచ్చాడు, బ్యూటీ పార్లర్ దీదీ వచ్చింది. ఎవరికి ఏది నచ్చితే అక్కడ ఒక నెల ఉండి చూడొచ్చు. నెల తర్వాత ఉంచుకోవడం, పంపించేయడం ఆ యజమాని ఇష్టం. వినడానికి బాగానే ఉంటుంది. ఏది నచ్చిందని అడిగితే చెప్పడానికి, నచ్చడమనేది కూడా మా బతుకుల్లో ఉంటుందని ముందు తెలియాలి కదా! పాస్టరమ్మగారు నన్నడిగితే నేను ఏడ్చాను. నెత్తురు లేని పని ఏదైనా సరే అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి నన్ను ఒక డెంటల్ ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. కింద పళ్ళ డాక్టరమ్మ క్లినిక్, పైన రేకుల గదిలో కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్. ఆ ల్యాబ్ నడిపే పెద్దాయనని అందరూ మాస్టర్జీ అనేవారు. మనిషి పొడుగు, మాట పొట్టి. ఆడపిల్లలు ఈ పనికి రారు అని మొహం మీదే చెప్పారు. పాస్టరమ్మగారు కదల్లేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని టీ తెప్పించుకుని తాగుతూ ఉంటే, చివరికి మాస్టర్జీయే విసుగెత్తి, "ఠీక్ హై, ఒక్క నెల" అన్నారు.

ఆ గదిలో నాకు మొదటిసారి ఊపిరాడింది. డాక్టరమ్మ మెత్తటి ముద్దతో పేషెంటు నోటి అచ్చు తీసి పైకి పంపేది. ఆ అచ్చులో ప్లాస్టర్ కలిపి పోస్తే, గట్టిపడ్డాక తెల్లటి దవడ బయటికొచ్చేది. దాన్ని మోడల్ అంటారు. దాని మీద మైనం పరిచి, మైనంలో పళ్ళు గుచ్చి, ఆ మైనం స్థానంలో గులాబీ రంగు పొడి కలిపి పెట్టి ఉడికిస్తే సెట్టు తయారవుతుంది. ఎక్కడా నెత్తురు లేదు. నోరుంది కానీ నోటి వెనక మనిషి లేడు. అదే నాకు నచ్చింది. మనిషి లేకపోవడమే సుఖమనుకున్నాను.

కరెంటు పోతే పాలిష్ మోటారు ఆగిపోయేది. రేకుల కింద ఉడికిపోతూ కూర్చునేవాళ్ళం. అప్పుడు మాస్టర్జీ చిన్న చిన్న పనులు నేర్పేవారు. అచ్చు తీసేటప్పుడు గాలి చిక్కుకుంటే, ఆ ఖాళీలో ప్లాస్టర్ చేరి మోడల్ మీద చిన్న గింజల్లా తేలుతుంది. ఆ గింజల్ని కత్తి మొనతో ఎగరగొట్టాలి. ఆ పని నా చేతికి చప్పున పట్టుబడింది. ఎంత చిన్న గింజనైనా వదిలేదాన్ని కాదు. మోడల్ నున్నగా, అప్పుడే కడిగిన పళ్ళెంలా ఉండాలి నాకు. మాస్టర్జీ తల ఊపేవారు. ఆయన తల ఊపిన రోజున వసంత్ కుంజ్ కాస్త వెనక్కి జరిగేది.

నెల చివర పడుతుండగా ఆయన ఒక షరతు పెట్టారు. మొదటినుంచి చివరిదాకా ఒక సెట్టు నా చేత్తో నేనే చేయాలి. అది ఒక మనిషి నోట్లో నిలబడాలి. నిలబడితే ఉంచుకుంటారు. డాక్టరమ్మ ఊరికే అచ్చు తీసిస్తానంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు ఈ సంగతి ప్రకటించారు. పళ్ళు లేని పెద్దవాళ్ళు మా సంఘంలో తక్కువేమీ కాదు. అందరూ నా తల నిమిరి, ప్రార్థన చేస్తామమ్మా అని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. పని నేర్చుకుంటున్న పిల్ల చేసిన పళ్ళు నోట్లో ఎవరు పెట్టుకుంటారు? హాలు ఖాళీ అయిపోతోంది. అప్పుడు మా అమ్మ ఒక చేత్తో నడుం పట్టుకుని లేచింది. కొంగు తీసేసి, "నా నోరుందిగా" అంది.

అమ్మ మోడల్ నా చేతికొచ్చిన రోజు ఇప్పటికీ గుర్తుంది. అమ్మ అంగిలి, అమ్మ చిగుళ్ళు, తెల్లగా, చల్లగా నా అరచేతిలో. ఎడమవైపు వెనకగా ఒక బొడిపె ఉంది, కందిగింజంత. పన్ను పీకినప్పుడు లోపలి ఎముక అక్కడ పైకి మిగిలిపోయింది. అది అమ్మదే. కానీ నా కళ్ళకి అది గింజలా కనిపించింది. గాలి వల్ల వచ్చిన గింజ అంత పెద్దగా ఉండదని నాకు తెలుసు. కానీ అమ్మ మోడల్ కదా, అన్నిటికంటే నున్నగా ఉండాలని తాపత్రయం. కత్తితో గీకేశాను. వేలితో తడిమి చూసి మురిసిపోయాను కూడా.

సెట్టు చూడటానికి ఎంత అందంగా వచ్చిందో! పళ్ళు పెట్టుకుని అమ్మ అద్దంలో చూసుకుంటే డాక్టరమ్మ, "ఠీక్ హై? అచ్ఛా లగ్ రహా హై?" అంటూ బాగుందా అని అడిగింది. అమ్మ తన వార్డు హిందీలో, "బహుత్ అచ్ఛా మేడమ్", చాలా బాగుంది అంది. బయట పేషెంట్లు వరసలో ఉన్నారు. డాక్టరమ్మ మరింకేమీ అడగలేదు. నొప్పి పుడితే రమ్మని చెప్పి పంపేసింది.

ఆ ఆదివారం అమ్మ కొంగు అడ్డం లేకుండా పాడింది. అందరూ తిరిగి చూశారు. పాస్టరమ్మగారి కళ్ళు చెమ్మగిల్లాయి. ముందు వారం జారుకున్న ఒక అంకుల్ వచ్చి, ఈసారి నాకు చెయ్యమ్మా అన్నాడు. నేను గాలిలో తేలుతున్నాను. అమ్మ మాత్రం ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందులో ప్లేటు తీసుకోలేదు. నీ పని కోసం ఉపవాస ప్రార్థన పట్టాను అంది. ఇంట్లో కూడా అన్నం ముట్టుకోలేదు. గంజి తాగేది, పలచటి మజ్జిగ తాగేది. మా వాళ్ళలో కష్టం వస్తే ఉపవాసం పట్టని ఆడమనిషి ఉండదు, కాబట్టి నాకు ఏ అనుమానమూ రాలేదు. అమ్మ చిక్కిపోతుంటే నా మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమే. కానీ నేననుకున్న రకం కాదు.

మాస్టర్జీ మాట చెప్పాల్సిన రోజు శనివారం. సోమవారం వసంత్ కుంజ్ నుంచి కారు పంపుతామన్నారు. అమ్మ అప్పటికే నా బట్టలు ఒక సంచిలో సర్ది మంచం కింద పెట్టింది. నాకు చెప్పలేదు, ఊడుస్తుంటే చీపురుకి తగిలింది. శనివారం అమ్మని వెంటబెట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళాను.

మాస్టర్జీ అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, ముందు ఒక ప్లేటులో మఠ్రీలు పెట్టారు. మఠ్రీ అంటే గట్టి మైదా బిళ్ళ, మన చెక్కలకి అన్నలాంటిది. తినండి బహన్‌జీ అన్నారు. అమ్మ చేతులు జోడించి, ఉపవాసంలో ఉన్నానంది. ఎప్పటిదాకా అని అడిగారాయన. అమ్మాయికి ఇక్కడ చోటు దొరికేదాకా అంది అమ్మ. ఆయన తల పంకించారు.

"అయితే దొరికింది," అన్నారు. "మీ అమ్మాయి సోమవారం నుంచి ఇక్కడే. ఇక తినండి."

నేను ఎగిరి గంతేయాలి. కానీ అమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఆ మొహంలో సంతోషం లేదు, భయముంది. మఠ్రీ చేతిలోకి తీసుకుంది. కుడివైపుకి పెట్టుకుని కొరకబోతే ఆయన చిన్నగా, "ఎడమవైపు కూడా" అన్నారు. అమ్మ నమిలింది. నమలడం కాదు అది, పళ్ళ బిగువున ఓర్చుకోవడం. కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి, అయినా నములుతూనే ఉంది. మింగేసి, "బహుత్ అచ్ఛా హై" అని నవ్వింది. నవ్వితే పళ్ళ మీద ఎర్రగా కనిపించింది. నాకు కళ్ళు తిరిగి బల్ల పట్టుకున్నాను.

మాస్టర్జీ సెట్టు బయటికి తీయించి, కడిగి, లోపలి వైపు నాకు చూపించారు. ఎడమవైపు వెనక, అమ్మ చిగురు మీది బొడిపె పట్టడానికి గుంట ఉండాల్సిన చోట నున్నగా ఉంది. చూడగానే నాకు అర్థమైంది. నేను గీకేసింది ప్లాస్టర్ మీద, అది వెళ్ళి దిగింది అమ్మ చిగురులో. అన్ని రోజులు అమ్మ ఆ పుండు మీద నా పళ్ళని మోసుకుంటూ పాటలు పాడింది. ఇక అయిపోయిందనుకున్నాను. మంచం కింద సంచి, సోమవారం కారు, గుమ్మం వైపు చూస్తూ కూర్చునే ఆ పిల్ల, అన్నీ ఒక్కసారే మీదికొచ్చాయి. మాస్టర్జీ ఇచ్చిన మాట కూడా అమ్మ చేత తినిపించడానికి వేసిన ఎత్తేనని తెలిసిపోయింది.

నాకంటే ముందు అమ్మ ఆయన కాళ్ళ మీద పడబోయింది. నొప్పేమీ లేదు సాబ్, సర్దుకుంటుంది, పిల్లని పంపెయ్యొద్దు అంటోంది. అప్పుడు ఆయనకి కోపం వచ్చింది. ఆ నెలలో ఆయన గొంతు పెంచడం అదే మొదలు. నా మీద కాదు, అమ్మ మీద. పిల్ల తప్పు చేసింది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేస్తారు. కానీ మీరు బాగుందంటే దానికి ఎలా తెలుస్తుంది? రేపు ఇంకొకరి నోట్లో కూడా ఇలాగే పెడుతుంది. మీరు దాని పని కాపాడటం లేదు, చెడగొడుతున్నారు అన్నారు. తర్వాత నెమ్మదించి, ఇప్పుడు దీనికి చోటు ఉండాలంటే మీ చేతిలో ఉంది, ఎక్కడ నొప్పో చెప్పండి, అది సరిచేస్తుంది, సరయ్యేదాకా చెబుతూ ఉండండి అన్నారు.

వినడానికి ఎంత తేలిక! అమ్మకి మాత్రం అది నడుం పడిపోయినప్పటి కంటే కష్టమైంది. నేను అరగదీసే మోటారు ముందు కూర్చున్నాను. డాక్టరమ్మ వచ్చి చిగురు మీద రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. ఆ గుర్తు అంటిన చోట నేను కాస్త అరగదీసి అమ్మ నోట్లో పెట్టాను.

"ఇప్పుడు బాగుందే," అంది అమ్మ వెంటనే.

మాస్టర్జీ మఠ్రీ ప్లేటు ముందుకు తోశారు. అమ్మ కొరికింది. ఆగింది. నా వైపు చూసింది. నేను ఏడుస్తూ, "అమ్మా, చెప్పవే, నీకు దణ్ణం పెడతా, చెప్పు" అన్నాను.

"నొప్పే," అంది మా అమ్మ. "చానా నొప్పిగా ఉందే తల్లీ."

ఆ మాట మా అమ్మ నోట నేను వినడం అదే మొదటిసారి. నాన్న పోయినప్పుడు అనలేదు, నడుం పడిపోయినప్పుడు అనలేదు, ఒక్కో పన్ను పీకించుకుని వార్డుకెళ్ళి బెడ్‌పాన్లు మోసినప్పుడు అనలేదు. ఒకసారి అన్నాక ఇక ఆగలేదు. నేను అరగదీయడం, పెట్టడం, ఇంకా నొప్పే అనడం, మళ్ళీ తీయడం. మధ్యలో కరెంటు పోయింది. చీకటి గదిలో కూర్చుని అమ్మ పళ్ళ సంగతి వదిలేసి నడుం నొప్పి చెప్పింది, మెట్లు ఎక్కేటప్పుడు కాలు ఎలా లాగుతుందో చెప్పింది, నాన్న పోయిన నాటి నుంచీ నిద్రపట్టడం లేదని చెప్పింది. తెలుగులోనే చెప్పుకుంటూ పోయింది. మాస్టర్జీకి ఒక్క ముక్క అర్థమై ఉండదు, అయినా లేచి వెళ్ళలేదు. కరెంటు వచ్చాక మిగతా పని చేశాను. సాయంత్రానికి అమ్మ ఎడమవైపు మఠ్రీ పెట్టుకుని కళ్ళలో నీళ్ళు లేకుండా నమిలింది. మాస్టర్జీ నాతో, "సోమవారం తొందరగా రా" అన్నారు, అంతే.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. నేర్చుకునే పిల్లకి ఇచ్చే దాంతో ఇల్లు గడవదు. సోమవారం వసంత్ కుంజ్ నుంచి కారు వచ్చింది. మంచం కింద సంచిలోంచి నా బట్టలు తీసేసి, తన చీరలు పెట్టుకుని ఆ కారులో మా అమ్మ వెళ్ళింది. వాళ్ళకి తెలుగు వంట చేసే మనిషి దొరికింది, బరువులు ఎత్తనక్కర్లేదన్నారు. నేను పాస్టరమ్మగారి ఇంట్లో పడుకుని ల్యాబ్‌కి వెళ్ళేదాన్ని. కారు సందు మలుపు తిరిగేదాకా చూసి, పని ఆలస్యమవుతుందని పరిగెత్తాను. ఆ రోజంతా ఏం చేశానో గుర్తులేదు.

మొదటిసారి సెలవు దొరికి అమ్మ వచ్చినప్పుడు, అక్కడ బాగుందా అమ్మా అని అడగబోయి నోరు మూసుకున్నాను. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు. పక్కన కూర్చుని, "ఎక్కడ నొప్పి?" అన్నాను. అమ్మ నా మొహం చూసి, కాళ్ళు చాపుకుని, మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టింది.

ఇప్పుడు నాకు సొంత ల్యాబ్ ఉంది. శనివారం క్లాసులు ఇంకా నడుస్తున్నాయి, ఆ హాలు నుంచి నా దగ్గరికి పిల్లలొస్తారు. కొందరు నిలబడతారు, కొందరు నెల తిరక్కుండానే ఏదో ఇంటిపనికి వెళ్ళిపోతారు, ఆపలేకపోతాను. వచ్చినవాళ్ళకి మైనం, ప్లాస్టర్ ఎవరైనా నేర్పుతారు. నేను నేర్పేది ఒకటే. పేషెంటుని బాగుందా అని అడగొద్దంటాను. వాళ్ళు మంచివాళ్ళు, బాగుందనే అంటారు. ఈ పిల్లల్ని కూడా నేను అలా అడగను. పొద్దున్నే గుమ్మంలోకి వచ్చిన ఒక్కొక్కరినీ ఎక్కడ నొప్పి అని అడుగుతాను. మొదటి వారమంతా ఏమీ లేదు ఆంటీ అంటారు. నేను టీ పోసిచ్చి, ఇంకోసారి అడుగుతాను.